ట్యూబు రాస్తే తగ్గుతోంది, మానేస్తే మళ్లీ వస్తోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. రెండేళ్లుగా అంగం చివర తెల్లటి మచ్చలు. ముందరి చర్మం బిగుసుకుపోయి వెనక్కి రావట్లేదు, గట్టిగా లాగితే చిట్లి మంట పుడుతోంది. మెడికల్ షాపులో అడిగితే ఓ ట్యూబు ఇచ్చారు. రాసిన నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, మానేస్తే వారంలో మళ్లీ మొదలు. నేను ఎలాంటి తప్పూ చేయలేదు. అయినా సుఖవ్యాధేమోనని భార్యకు చెప్పలేక, దగ్గరికి వెళ్లలేక టెన్షన్‌తో నలిగిపోతున్నాను. (పేరు వద్దు, తణుకు)

జవాబు: ముందు మీ భార్యకు చెప్పండి, ఇవాళే చెప్పండి. చూడకుండా ఖాయంగా అనలేను గానీ మీరు రాసినదాన్ని బట్టి ఇది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి అనిపిస్తోంది. అదే అయితే ఇది అంటువ్యాధి కాదు, ఆమె నుంచి మీకు రాలేదు, మీ నుంచి ఆమెకు పోదు. ముందరి చర్మం కింద మూత్రం చుక్కలు నిలిచిపోయి అక్కడి చర్మం ఒరుసుకుపోవడం మగవాళ్లలో దీనికి ముఖ్య కారణమని చాలామంది నిపుణుల అభిప్రాయం. పుట్టిన కొత్తలోనే సుంతీ అయినవాళ్లలో ఇది దాదాపు కనిపించదు.

ఇక ఆ ట్యూబు. దాని మీద చిన్న అక్షరాలు ఓసారి చదవండి. క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్, పక్కనే ఫంగస్ మందు, ఒకటో రెండో యాంటీబయాటిక్‌లు ఉండొచ్చు, మన షాపుల్లో అడగ్గానే చేతిలో పెట్టేవి ఎక్కువగా ఇలాంటివే. మీకు హాయినిచ్చింది ఆ స్టెరాయిడే అయ్యుంటుంది. ఈ జబ్బుకు మేం రాసేదీ క్లోబెటాసాలే, కాకపోతే ఇంకేమీ కలపని 0.05 శాతం ఆయింట్‌మెంట్, రోజుకోసారి, పల్చగా, మచ్చ ఉన్నంత మేరకే, ఒకటి నుంచి మూడు నెలల పాటు, మధ్యమధ్యలో చూపించుకుంటూ. నాలుగు రోజులు రాసి ఆపేస్తే మంట తగ్గుతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. అలాగని మీరే కొనుక్కుని నెలల తరబడి రాయకండి, అది ఫంగసో, హెర్పిస్ అనే వైరస్ జబ్బో అయితే ఇదే మందు దాన్ని ఇంకా పెంచుతుంది. అనుమానంగా ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

సుగర్ కూడా చూపించుకోండి, ఇలా చర్మం చిట్లి బిగుసుకుందని వచ్చినవాళ్లలో సుగర్ బయటపడటం మామూలే.

ఒక్క సంగతి మీరు రాయలేదు. మూత్రం ధార సన్నబడిందా, రెండుగా చీలి పాదాల మీద పడుతోందా? అయితే మూత్రద్వారం మూసుకుపోతోందన్నమాట, యూరాలజిస్టును వెంటనే కలవాలి. రెండేళ్లు ఆగారు, ఇక ఆగకండి.

ఈలోగా అక్కడ సబ్బు, డెటాల్ మానేసి ఉత్త నీళ్లతో కడుక్కోండి. మూత్రం పోశాక చివరి చుక్క దాకా రానిచ్చి మెత్తటి గుడ్డతో అద్దండి, కొంచెం వాజెలీన్ రాయండి. బిగుసుకున్న చర్మాన్ని బలవంతంగా లాగొద్దు. పగుళ్లు మానాక భార్యతో కలవడానికి ఇబ్బందేమీ లేదు.

ఆయింట్‌మెంట్‌తో చర్మం వదులవ్వకపోతే సుంతీ చేస్తారు. దాంతో ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. కొద్దిమందిలో ఏళ్లు గడిచాక క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి, మానని పుండు గానీ గట్టి గడ్డ గానీ కనిపిస్తే ఒక్కరోజు కూడా ఊరుకోవద్దు.

ఊళ్లో చూపించుకోవడానికి మొహమాటమైతే కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు కూడా జేబులో వేసుకెళ్లండి.