సోలార్‌తో ఇంట్లో చెమ్మ తగ్గించుకోవచ్చా? వైజాగ్‌లో మేం చేసుకున్న ఏర్పాటు

వానాకాలం వస్తే బట్టలకీ పుస్తకాలకీ బూజు పడుతోంది, సోలార్‌తో నడిచే డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమ తీసే యంత్రం) సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చండీ. కాకపోతే ఇల్లంతటికీ కుదరదు. గట్టిగా మూసి ఉంచగలిగే ఒక గదికి, బీరువాలకి కుదురుతుంది. మాది విశాఖలో సముద్రం దగ్గరి ఇల్లు. అమ్మ పట్టుచీరలు, నాన్న పుస్తకాలు ఇలాగే కాపాడుకుంటున్నాం.

ముందు లెక్క చూడండి. 28 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమ దగ్గర, ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 55 శాతానికి దించాలంటే అందులోంచి 8 గ్రాములు తీయాలి. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గది మొత్తానికి ఇది గ్లాసున్నర నీళ్ల లోపే. అసలు చిక్కు సందుల్లోంచి వచ్చే గాలితో. గంటకి గదిలో సగం గాలి మారినా చాలు, రోజుకి నాలుగు లీటర్ల అదనపు నీరు లోపలికొస్తుంది. అందుకే ప్యానెల్ కొనేముందు కిటికీలకి రబ్బరు బీడింగ్, తలుపు కింద పట్టీ వేయించండి. గోడలో పైపు కారుతుంటే ముందు అది బాగు చేయించాలి, లేకపోతే ఏ యంత్రమూ నెగ్గదు.

ఈ లెక్క చూశాక పెల్టియర్ బిళ్లతో (కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడే చిన్న పలక) చేసే చిన్న యంత్రాలు గదికి ఎందుకు చాలవో మీకే తెలుస్తుంది. అవి రోజంతా నడిచినా తీసేది కొన్ని వందల మిల్లీలీటర్లే. నల్లరంగు పెట్టెలో గాలిని వేడిచేసి గదిలోకి పంపే సోలార్ హీటర్ల వీడియోలూ చూసే ఉంటారు. అవి చలిదేశాలకి సరిపోతాయి. సున్నా డిగ్రీల గాలిలో ఘనపు మీటరుకి 5 గ్రాముల ఆవిరి కూడా ఉండదు కాబట్టి, దాన్ని వేడిచేస్తే పొడిగాలి అవుతుంది. మన ఆగస్టు గాలిని వేడిచేస్తే ఉక్క పెరుగుతుంది, నీరు ఎక్కడికీ పోదు.

బీరువాకి మాత్రం సొంత తయారీ చక్కగా పనిచేస్తుంది. సిలికా జెల్ గుళికలు పలచటి గుడ్డసంచుల్లో పోసి అరల్లో పెట్టండి. నీలం రంగువి వద్దు, వాటిలో ఆరోగ్యానికి హాని చేసే కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. తడి పీల్చాక ఆకుపచ్చగా మారే నారింజ రంగువి తీసుకోండి. ఆరబెట్టడానికి డాబా మీద సోలార్ కుక్కర్ లాంటి పెట్టె చాలు: రెండు పొరల ప్లైవుడ్, మధ్యలో ఊక, లోపల నల్లరంగు వేసిన రేకు పళ్లెం, పైన అద్దం. మంచి ఎండలో లోపల 100 డిగ్రీలు దాటుతుంది. గుళికలు మాత్రమే పళ్లెంలో పోసి, ఆవిరి పోయేందుకు అద్దం కింద సన్నని సందు వదలండి. ముసురు పట్టినప్పుడు ఎండ ఉండదు కాబట్టి రెండు జతలు ఉంచుకుని, ఎండ తగిలిన రోజే ఒక జత ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో దాచుకోవాలి.

గదికైతే ఫ్రిజ్‌లో లాంటి కంప్రెసర్ ఉన్న డీహ్యూమిడిఫయర్ కొనడమే మేలు. చిన్నవి 200 నుంచి 300 వాట్లు లాగుతాయి. ప్యానెల్, బ్యాటరీతో నేరుగా నడపాలని నాకూ మొదట్లో ఆశగానే ఉండేది. కానీ దాని అవసరం ఎక్కువుండే ముసురు రోజుల్లోనే ప్యానెల్ నుంచి వచ్చేది బాగా తక్కువ. పైగా కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, ఇన్వర్టర్ పెద్దది కావాలి. నెట్ మీటర్‌తో (లైనుకి ఇచ్చినదీ, వాడుకున్నదీ రెండూ లెక్కించేది) ఆన్‌గ్రిడ్, అంటే కరెంటు లైనుకి కలిపిన సోలార్ పెట్టుకుంటే ఎండలో మిగిలిన కరెంటు లైనుకి పోతుంది, ముసురులో లైను నుంచే వాడుకోవచ్చు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేల చొప్పున సబ్సిడీ ఉంది. అయితే కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ కూడా ఆగిపోతుంది.

యంత్రం నడిచే గది కాస్త వేడెక్కుతుంది, అందులో ఎవరూ పడుకోకుండా చూసుకోండి. తేమ మీటరు ఒకటి గదిలో పెట్టి, తేమ 60 శాతం దాటితేనే యంత్రం వేయండి. డిసెంబరు, జనవరిలో బయటి గాలే పొడిగా ఉంటుంది. అప్పుడు మేం యంత్రం ఆపేసి మధ్యాహ్నాలు కిటికీలు తెరిచేస్తాం.