మెట్ల దగ్గర ఆయాసం, అలాస్కా ఓడ ప్రయాణం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా వారికి 67 ఏళ్లు. 14 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. 2021లో గుండెకు ఒక స్టెంట్ వేశారు. ప్రొస్టేట్‌కు రాత్రిపూట మాత్ర వేసుకుంటారు. సియాటెల్‌లో ఉన్న అమ్మాయి, అల్లుడు జూన్‌లో మమ్మల్ని అలాస్కా తీసుకెళ్తున్నారు. పెద్ద క్రూజ్ కాదు, 70 మంది పట్టే చిన్న ఓడ. జూనోలో ఎక్కి, ఎండికాట్ ఆర్మ్, గ్లేసియర్ బే చూసుకుంటూ ఏడు రాత్రుల తర్వాత సిట్కాలో దిగాలి. మా వారికి కారులోనే వాంతులవుతాయి. చెవి వెనక అంటించుకునే పట్టీలు తన దగ్గరున్నాయని, ఇస్తానని అల్లుడి స్నేహితుడు అన్నాడు. వాడొచ్చా? ఆవకాయ, పొడులు తీసుకెళ్లొచ్చా? ఈ మధ్య రెండో అంతస్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. వయసు కదా, తిరిగొచ్చాక చూపిద్దాం అనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, పట్టీ గురించి తర్వాత చెప్తాను. మీరు చివర్లో యథాలాపంగా రాసిన మెట్ల సంగతే ముందు మాట్లాడాలి.

14 ఏళ్ల షుగర్, పాత స్టెంట్, ఈ మధ్యే మొదలైన ఆయాసం. ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే వయసు మీదకి నెట్టేయడానికి లేదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి గుండె నొప్పి నొప్పిలా తెలియకపోవచ్చు. గుండెకు రక్తం చాలకపోతే అది ఆయాసంగానో, చెమటగానో, ఊరికే నీరసంగానో బయటపడుతుంది. స్టెంట్ వేసింది ఒక రక్తనాళంలో ఒకచోట. మిగతా చోట్ల కొత్తగా అడ్డు రాదని అది హామీ ఇవ్వదు, ఒక్కోసారి స్టెంటే మళ్లీ సన్నబడుతుంది. గుండె కండరం బలహీనపడినా, రక్తం తగ్గినా, ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో సమస్య ఉన్నా ఆయాసం వస్తుంది. మీ వారికి వీటిలో ఏది అన్నది ఉత్తరం చదివి చెప్పలేను, చెప్పకూడదు కూడా.

కాబట్టి ఈ వారంలోనే ఆయన్ను స్టెంట్ వేసిన డాక్టరుకో, దగ్గర్లోని కార్డియాలజిస్టుకో చూపించండి. ఈసీజీ, ఎకో, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ ఎలాగూ చేయిస్తారు, మిగతావి వాళ్లు చూసి నిర్ణయిస్తారు. ఆఫర్ ప్యాకేజీ ఉందని మీరే డయాగ్నస్టిక్ సెంటర్‌కి తీసుకెళ్లి ట్రెడ్‌మిల్ ఎక్కించకండి. డాక్టర్ చూడకుండా, ఈ లక్షణాలున్న మనిషికి ఆ పరీక్ష చేయించడం ప్రమాదం. ఈలోగా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, రాత్రి వెల్లకిలా పడుకోలేకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

'తిరిగొచ్చాక చూపిద్దాం' అన్న మాట ఓపీలో రోజూ వింటూనే ఉంటాం. పెళ్లి అయ్యాక, పంట ఇంటికొచ్చాక, మనవడి బారసాల అయ్యాక. ఏదైనా బయటపడితే ప్రయాణం ఆగిపోతుందన్న భయమే చాలామందిని పరీక్షకు దూరంగా ఉంచుతుంది. నిజానికి ముందుగా తెలిస్తే చాలాసార్లు మందులు సరిచేసి పంపించగలుగుతాం, అవసరమైతే తేదీ మార్చుకోమంటాం. ప్రయాణానికి రెండు రోజుల ముందు సూట్‌కేసుతో వచ్చి 'ఫిట్‌నెస్ రాసివ్వండి' అంటే ఎవరైనా ఏం చేస్తారు? మీకింకా టైముంది, వాడుకోండి.

మీరు వెళ్లే చోటు గురించి కూడా ఒక మాట. జూనో అలాస్కాకు రాజధానే అయినా బయటి ఊళ్లకు రోడ్డు లేదు. విమానంలోనో, ఓడలోనో చేరాలి. అక్కడ ఆసుపత్రి ఉంది, కానీ యాంజియోప్లాస్టీ లాంటివి అవసరమైన కేసులను సాధారణంగా సియాటెల్‌కో, యాంకరేజ్‌కో విమానంలో పంపుతారు. ఎండికాట్ ఆర్మ్ కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సన్నటి సముద్రపు పాయ. దాని చివర డాస్ గ్లేసియర్ దగ్గర ఉన్నప్పుడు ఏదైనా జరిగితే జూనో చేరడానికే గంటలు పడుతుంది. పొగమంచు, వాన ఉంటే హెలికాప్టర్ కూడా రాలేకపోవచ్చు. గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని 90 నిమిషాల్లో తెరవాలని ఇక్కడ మేం పరుగులు పెడతాం. ఆ లెక్క అక్కడ కుదరదు. ఇంత చిన్న ఓడల్లో చాలావాటిలో డాక్టర్ ఉండరు. మీ ఓడలో ఉంటారో లేదో, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉందో లేదో అల్లుడిగారిని కంపెనీకి మెయిల్ పెట్టి అడగమనండి.

చిన్న ఓడంటే డెక్ మీద కూర్చుని చూడటం ఒక్కటే ఉండదు. రబ్బరు పడవల్లోకి దిగడం, కయాక్ తెడ్డు వేయడం, తడి అడవిలో నడక, ఓడలో నిటారు మెట్లు. మంచు మీదుగా వచ్చే చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. కడుపు నిండా టిఫిన్ తిని వెంటనే నడకకు బయల్దేరితే ఇంకా ఎక్కువ. కార్డియాలజిస్టు వెళ్లమన్నా సరే, కయాక్, కొండ నడకల గురించి విడిగా అడగండి.

ఇక పట్టీ. అందులో ఉండేది స్కోపొలమైన్. ఎవరో ఇచ్చారని అంటించుకునే వస్తువు కాదది. అమెరికాలో ప్రిస్క్రిప్షన్ ఉంటేనే ఇస్తారు. ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. ఒక రకం గ్లాకోమా ఉంటే కంటి ప్రెజర్ ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్దవాళ్లకు తికమక, మగత రావచ్చు. మీ వారికి ఇది వద్దనే నా సలహా. మన దగ్గర దొరికే వాంతుల మాత్ర ఎవోమిన్‌తో కూడా ఇవే ఇబ్బందులు కొంతవరకు ఉన్నాయి కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనకండి. ఆయన వాడే మందులన్నీ చూసి మీ డాక్టరే ఏదో ఒకటి రాస్తారు. ఆ దారి చాలావరకు దీవుల చాటున సాగుతుంది, మీరు భయపడేంత ఊపు ఉండదు. సముద్రం తెరుచుకున్న చోట కొన్ని గంటలు ఊగుతుంది. అప్పుడు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో కూర్చుని దూరంగా ఒడ్డును చూస్తుండాలి. ఫోన్ చూడకూడదు.

వాంతులైతే షుగర్ మందులతో జాగ్రత్త. తిండి లోపలికి పోకుండా గ్లిమెపిరైడ్ లాంటివి వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందు వాడుతుంటే, షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా ఒంట్లో కీటోన్లు అనే హానికర ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ఏది ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుతో ముందే రాయించుకోండి. ఇన్సులిన్ ఉంటే చెక్ఇన్ సామాన్లలో వేయొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ పనికిరాదు. మరీ చలిలో గ్లూకోమీటర్ ఎర్రర్ చూపించవచ్చు, లోపలికొచ్చి చేతులు వెచ్చబడ్డాక చూడండి.

పాదాలు రోజూ రాత్రి మీరే చూడాలి. రబ్బరు బూట్లలో తడిసిన సాక్స్‌తో పుండు పడినా ఆయనకు తెలియకపోవచ్చు. చలిగా ఉందని వేడి బ్యాగులు కాళ్లకు పెట్టొద్దు, కాలినా తెలియదు.

గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రను జేబులో ఉంచుకునే అలవాటు చాలామందికి ఉంది. ప్రొస్టేట్‌కు ఇచ్చే మాత్రల్లో కొన్నిటిలో టాడాలాఫిల్ కలిసి ఉంటుంది. అది వాడుతూ సార్బిట్రేట్ నాలుక కింద పెడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ స్ట్రిప్ ఫొటో తీసి మీ డాక్టరుకు చూపించండి. మీరు పేరు రాయలేదు, రాసుంటే బాగుండేది.

విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బుల విషయంలో షరతులుంటాయి. స్టెంట్ సంగతి, హెలికాప్టర్ ఖర్చు సంగతి విడిగా అడిగి తీసుకోండి. ఓడవాళ్లు హెల్త్ ఫారం ఇస్తే ఆయాసం దాచొద్దు.

ఆవకాయకు ఎకో రిపోర్టు వచ్చేదాకా ఆగండి. గుండె కండరం బలహీనంగా ఉందని తేలితే ఉప్పు తగ్గించమంటారు, అప్పుడు పొడులూ అంతే. బాగుంటే ఒక చిన్న సీసా చాలు.