సమాధానం: ఇంజిన్ స్టార్ట్ చేస్తే వెనక కెమెరాలో గీతలు

అన్నా, కారవాన్‌గా మార్చుకున్న టెంపో ట్రావెలర్‌లో ఇంజిన్ ఆపితే కెమెరా బొమ్మ బాగుందని, స్టార్ట్ చేయగానే గీతలు వస్తున్నాయని రాశారు. కెమెరా మార్చకండి, డబ్బు దండగ. అది చాలావరకు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) నుంచి వచ్చే నాయిస్, అంటే కరెంటులో కలిసే అలజడి.

ముందు కెమెరా ఎర్త్, అంటే బండి బాడీకి బోల్టుతో బిగించిన నెగటివ్ వైరు చూడండి. వెనక ఆ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా సాండ్‌పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించి పైన గ్రీజు పూయండి. కళింగపట్నం బీచ్‌కి తరచూ వెళ్తున్నారు కదా, ఉప్పుగాలికి మొదట పాడయ్యేది ఆ జాయింటే.

అయినా గీతలు పోకపోతే, కెమెరా రెండు వైర్లనూ బండి నుంచి తీసేసి విడిగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. బొమ్మ శుభ్రపడితే తప్పు సప్లైది. కెమెరా పవర్ లైనులో నాయిస్ ఫిల్టర్ పెట్టించండి. విడి బ్యాటరీ మీదా గీతలుంటే వీడియో కేబుల్ ఇన్వర్టర్ వైర్లతో కలిసి వెళ్తుందేమో చూసి, బండికి రెండో వైపు నుంచి లాగించండి.

కెమెరా పవర్ లైనుకి ఫ్యూజు మాత్రం తప్పకుండా వేయించండి, లోపలంతా చెక్క, ఫోమ్, షార్ట్ అయితే అంటుకుంటాయి. ఇది సరయ్యేదాకా ఆదివారం అరసవల్లి జనంలో బండి వెనక్కి తీయాలంటే ఒక మనిషిని దింపి తీయండి.