బీఎస్సీ జువాలజీ తర్వాత జూలో ఉద్యోగం: నాలుగేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను

"బీఎస్సీ జువాలజీ అయిపోయింది, జంతువులంటే ప్రాణం, జూలో ఏ ఉద్యోగాలుంటాయి, ఎలా వెళ్లాలి" అని అడిగారు. నేను ఎమ్మెస్సీ జువాలజీ చేసి, మన తెలుగు ప్రాంతంలోనే ఒక జూలో నాలుగేళ్లు కాంట్రాక్టు మీద బయాలజిస్టుగా పనిచేశాను. అక్కడ చూసింది చూసినట్టు చెబుతాను.

పులిపిల్లకు పాలు పట్టొచ్చు అనుకుంటూనే నేనూ వెళ్లాను. ఆ నాలుగేళ్లలో చేత్తో తాకిన జంతువులు చాలా తక్కువ, అవీ మత్తులో ఉన్నప్పుడే. ఈ పనికి కావాల్సింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకునే చూపు. అది నాకు నేర్పింది ఒక యానిమల్ కీపర్.

చేరిన మూడో నెలలో ఒకరోజు పొద్దున రౌండ్స్‌కి చిరుత నైట్‌హౌస్ (రాత్రిపూట ఉంచే గది) దగ్గరికి వెళ్లాం. ఆ కీపర్ పెద్దాయన, ఇరవై ఏళ్ల పైబడిన సర్వీసు. తలుపు తీసేముందు కాసేపు బయటే నిలబడి లోపలి చప్పుడు వింటారు. ఆ రోజు ఊచల్లోంచి చూసి, "అమ్మా, ఇవాళ దీన్ని బయటికి వదలొద్దు, డాక్టరుగారికి ఫోన్ చెయ్యి" అన్నారు. నాకు ఏ తేడా కనపడలేదు. చిరుత లేచి తిరుగుతోంది, మాంసమూ తిన్నట్టే ఉంది. ముందురోజు రిజిస్టర్లో "ఆహారం మామూలుగా తీసుకుంది" అని రాసింది కూడా నేనే.

ఆయన వేలు పెట్టి చూపించారు. మెత్తటి ముక్కలన్నీ తినేసి, ఎముకున్న ముక్కల్ని ఒక మూలకు నెట్టేసింది. నీళ్లతొట్టి అంచుకు జిగురుగా చొంగ అంటుకుని ఉంది. నీళ్లు తాగేటప్పుడు తల ఒక పక్కకు వాలుస్తోంది. డాక్టరుగారు వచ్చి, దాన్ని స్క్వీజ్ కేజ్‌లోకి, అంటే గోడను జరిపి జంతువును కదలకుండా ఆపే బోనులోకి రప్పించి మత్తు ఇచ్చి నోరు తెరిస్తే, కోరపన్ను విరిగి చిగుళ్లు వాచి ఉన్నాయి. ఆ రోజు నుంచి "మామూలుగా" అనే మాట రిజిస్టర్లో రాయడం మానేశాను. ఎన్ని కిలోలు పెట్టాం, ఎంత మిగిలింది, ఏ ముక్కలు మిగిలాయి, అదే రాసేదాన్ని.

2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో ఎనిమిది సింహాలకు కరోనా వచ్చినట్టు తేలింది, గుర్తుండే ఉంటుంది. పరీక్ష చేసింది హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్, అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే ల్యాబ్. కానీ సింహం దగ్గుతోంది, ముక్కు కారుతోంది, తిండి తగ్గింది అని ముందు ఎవరో గమనించబట్టే కదా శాంపిల్ దాకా వచ్చింది.

ఇక పోస్టుల సంగతి. మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖ, తిరుపతి జూలన్నీ అటవీ శాఖ కిందే ఉంటాయి. క్యూరేటర్ అంటే అటవీ శాఖ అధికారి. ఆ కుర్చీ కావాలంటే యూపీఎస్సీ ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) గానీ, రాష్ట్ర సర్వీస్ కమిషన్ పెట్టే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పరీక్ష గానీ రాయాలి. జువాలజీ డిగ్రీతో ఐఎఫ్ఎస్‌కి మీరు అర్హులే. అయితే వాళ్లకు బదిలీలుంటాయి, సర్వీసంతా జూలోనే ఉండలేరు. జూ డాక్టరు కావాలంటే పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ తప్పదు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. డిగ్రీ అయ్యాక మళ్లీ అటు వెళ్తారా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఆలోచించుకోండి.

మీ చదువుకు దగ్గరగా ఉండేవి బయాలజిస్టు, ఎడ్యుకేషన్ విభాగం పనులు. బయాలజిస్టు అంటే జంతువుల రికార్డులు, ఏ జతను కలపాలి, ఎన్‌క్లోజర్లో ఏం మార్చాలి అనే పని. ఎడ్యుకేషన్ అంటే బడిపిల్లలకు చెప్పడం, కనుమ రోజు జనం విరుచుకుపడ్డప్పుడు జింకలకు చిప్స్ ప్యాకెట్లు విసరొద్దని గొంతు పోయేదాకా అరవడం. ప్యాకెట్ మింగిన జింక ఎలా చనిపోతుందో ఒక్కసారి చూస్తే ఆ పని చిన్నదని ఎప్పటికీ అనిపించదు.

డబ్బు విషయం దాచను. నాది ఏజెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగం. ఒకసారి మూడు నెలలు జీతం రాలేదు, గది అద్దెకి అన్నయ్యను అడగాల్సి వచ్చింది. కీపర్లలో కూడా ఔట్‌సోర్సింగ్ వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల చేతిలో ఉన్న నేర్పుకి ఆ జీతం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మీరు చేరేముందు జీతం ఎవరిస్తారు, ఏ తేదీకి ఇస్తారు, పీఎఫ్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

పైకి చదవాలనుంటే డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో వైల్డ్‌లైఫ్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది, సీట్లు తక్కువ. హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్‌లో ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి, సీసీఎంబీ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. నెహ్రూ జూ వాళ్లూ లాకోన్స్ వాళ్లూ కలిసి మూషిక జింకల్ని (మౌస్ డీర్) పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. అలాంటి ప్రాజెక్టులో ఏడాది చేసినా చాలా నేర్చుకుంటారు.

అక్వేరియం వైపు నాకు అనుభవం లేదు. నా స్నేహితురాలు నెల్లూరు జిల్లా ముత్తుకూరులో బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చేసి అటు వెళ్లింది. చేపల్ని చూడటం కంటే నీళ్లని చూడటమే ఎక్కువ అంటుంది: అమ్మోనియా, నైట్రైట్, ఉప్పు శాతం, ఫిల్టర్లు.

దరఖాస్తు పెట్టేలోపు ఈ పని చేయండి. ఆదివారం కాకుండా మామూలు రోజున, గేటు తీయగానే మీకు దగ్గర్లోని జూకి వెళ్లండి. ఒక్క ఎన్‌క్లోజర్ ఎంచుకోండి, కొండముచ్చులైతే మొదటిసారికి తేలిక. రెండు గంటలు కదలకుండా కూర్చుని, ప్రతి ఐదు నిమిషాలకు ఏది ఎక్కడుంది, ఏం చేస్తోంది అని రాసుకోండి. నాలుగైదు వారాలు అదే చోట, అదే సమయానికి. ఆ నోట్‌బుక్ ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. వెళ్లేముందు దాంట్లోంచి రెండు పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎలా రాశారో చూసి చెబుతాను.