ఆమిష్ పిల్లలు పట్నం వస్తే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఒక అమెరికన్ కుటుంబ కథ గురించి నాలుగు మాటలు రాశాం. పెన్సిల్వేనియాలో ఒక ఆమిష్ పల్లె, అక్కడ అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లలు, ఎప్పుడో ఊరు వదిలేసి పట్నంలో స్థిరపడిన పిన్ని వచ్చి వాళ్ళను తన ఫ్లాట్‌కు తీసుకెళ్ళడం, ఇదీ కథ. దానిమీద చాలా ఉత్తరాలొచ్చాయి. ఆమిష్ అంటే ఎవరో తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు: 1693లో యాకోబ్ అమ్మన్ అనే మతపెద్ద వెంట స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల్లో విడిపోయిన క్రైస్తవ శాఖ ఇది. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలస వచ్చారు. యూరప్‌లో ఇప్పుడు వీళ్ళెవరూ లేరు, అమెరికాలోనూ కొంత కెనడాలోనూ కలిపి 4 లక్షల దాకా ఉన్నారు. గుర్రపు బగ్గీల్లో తిరుగుతారు, ఇంటికి కరెంటు లైను పెట్టించుకోరు.

ప్ర: అంత కట్టుబాటున్న ఊళ్ళో, పిల్లలను తీసుకెళ్ళి పట్నం పిన్ని చేతిలో ఎవరు పెడతారండీ? కథ కోసం అల్లిందే కదా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జ: మీ అనుమానం సబబే, మామూలుగా అలా జరగదు. ఇంటికి ఆరుగురో ఏడుగురో పిల్లలుండే చోట, అమ్మ వైపు, నాన్న వైపు కలిపి చూస్తే మేనమామలు, బాబాయిలు, పెద్దమ్మలు, మేనత్తలు డజను మంది తేలతారు, వాళ్ళలో చాలామంది బగ్గీ వేసుకుని వచ్చేంత దగ్గరలోనే ఉంటారు. ఎవరో ఒకరు పిల్లలను తమ ఇంట్లో కలిపేసుకుంటారు, అది పెద్ద చర్చ కూడా కాదు.

చట్టం కూడా వాళ్ళ వైపే మొగ్గుతుంది. పెన్సిల్వేనియాలో ఇలాంటి విషయాలు ఆర్ఫన్స్ కోర్టు చూస్తుంది. మైనర్ పిల్లలకు సంరక్షకుణ్ణి పెట్టేటప్పుడు తల్లిదండ్రుల మతానికే చెందిన మనిషికి ప్రాధాన్యం ఇవ్వాలని అక్కడి చట్టంలో ఉంది. పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలు ఫలానావాళ్ళు కావాలని అడిగితే, ఆ మనిషి తగినవాడని కోర్టుకు తోస్తే, వాళ్ళకూ ప్రాధాన్యం ఉంటుంది. అందుకే ఈ కథ నిలబడాలంటే ఒకటే దారి, తల్లి తన వీలునామాలో చెల్లెలి పేరు రాసి ఉండాలి. ఆమిష్ వాళ్ళు ఒకరి మీద ఒకరు కేసులు వేసుకోరుగానీ వీలునామాలు రాసుకుంటారు.

ఇక్కడే నాకు అసలు కథ కనిపిస్తుంది. చుట్టూ ఇంతమంది ఉండగా, ఊరూ మతమూ వదిలేసి పోయిన చెల్లెలిని ఆ తల్లి ఎందుకు నమ్మింది? తోబుట్టువును మళ్ళీ ఇంటికి రప్పించాలనా, లేక తన పిల్లలకు బయటి దారి కూడా ఒకటి తెరిచి ఉంచాలనా? ఈ ప్రశ్నను పక్కన పెట్టేసి, పిల్లలు లిఫ్టు చూసి బెదరడం, టీవీ ముందు నోరెళ్ళబెట్టడం లాంటి సన్నివేశాలతో గంట గడిపేస్తే చూసేవాడికి చివరికి ఏం మిగులుతుంది? పైగా ఆ బెదరడం నిజం కూడా కాదు. పెన్సిల్వేనియాలోనే ఆమిష్ వాళ్ళు ఎక్కువగా ఉండే లాంకాస్టర్ ప్రాంతపు కుటుంబాలు ఫిలడెల్ఫియా నగరం నడిబొడ్డున రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌లో దుకాణాలు పెట్టుకుని మాంసం, రొట్టెలు, పచ్చళ్ళు అమ్ముతుంటాయి. పట్నం వాళ్ళకు తెలియనిదేం కాదు, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోతారు, అంతే.

ప్ర: వాళ్ళు ఇన్సూరెన్సు కట్టరట కదా, మరి ఇంటి పెద్ద పోతే పిల్లల పరిస్థితి ఏమిటి?
– ఒక ఎల్ఐసీ ఏజెంట్, విజయవాడ

జ: ఎక్కువమంది కట్టరు. దేవుడి మీద, తోటివాళ్ళ మీద ఉండాల్సిన భరోసాను కంపెనీ మీద పెట్టినట్టవుతుందని వాళ్ళ నమ్మకం. సంపాదన మీద పన్ను తీసుకుని ముసలితనంలో పింఛను ఇచ్చే ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ పథకం కూడా వాళ్ళకు ఇన్సూరెన్సే. 1961లో ఆ పన్ను కట్టనన్న ఒక ఆమిష్ రైతు పొలం దున్నుకుంటుండగా అధికారులొచ్చి గుర్రాలను విప్పుకెళ్ళి అమ్మేశారు, దేశమంతా గొడవైంది. చివరికి 1965లో సొంత పని చేసుకునే ఆమిష్ వాళ్ళకు చట్టం మినహాయింపు ఇచ్చింది.

ఈ మినహాయింపు మన కథలో పిన్నికి గట్టిగా తగులుతుంది. అమెరికాలో తల్లో తండ్రో పోయిన పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నుంచి నెలనెలా కొంత డబ్బు వస్తుంది, కానీ తండ్రి మినహాయింపు తీసుకుని ఉంటే ఈ పిల్లలకు ఆ డబ్బు రాదు. ఊళ్ళో ఉంటే ఆ లోటు తెలియదు. మరణ వార్త అందగానే ఇరుగుపొరుగు వచ్చి వంటిల్లు, పశువులు, పొలం అన్నీ చేతుల్లోకి తీసుకుంటారు, ఇంటివాళ్ళు ఒక గిన్నె కూడా కడగక్కర్లేదు. గొయ్యి మనుషులే తవ్వుతారు, మూడో రోజుకల్లా ఖననం అయిపోతుంది, ఆ తర్వాత కూడా సంఘం డబ్బులోంచి సాయం అందుతూనే ఉంటుంది. ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న 'ది బడ్జెట్' అనే వారపత్రికలో ఊరూరి నుంచి రాసిన ఉత్తరాలుంటాయి. ఫలానా చోట పిల్లలు దిక్కులేనివాళ్ళయ్యారని అందులో వస్తే, మొహం కూడా చూడని కుటుంబాలు కార్డు మీద రెండు మాటలు రాసి, లోపల కొన్ని డాలర్లు పెట్టి పంపిస్తాయి. ఫ్లాట్‌లో ఉండే పిన్నికి ఆ కార్డులు ఎన్నాళ్ళు వస్తాయి?

ప్ర: నేను టీచర్ని. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసే పిల్లలు పట్నం స్కూల్లో ఎలా నెగ్గుకొస్తారు?
– హైదరాబాద్

జ: చిన్నవాళ్ళు నెగ్గుకొస్తారు. ఒకే గదిలో ఎనిమిది తరగతులూ నడిచే బళ్ళలో చదివిన పిల్లలకు లెక్కలు, చేతిరాత, స్పెల్లింగు బాగానే వస్తాయి. ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ మాండలికం, ప్రార్థనలో పాత జర్మన్, ఇంగ్లీషు మాత్రం చాలావరకు బడికి వెళ్ళాకే. ఐదేళ్ళవాడికి పట్నంలో మొదటి నెలలు నరకమే, టీచర్ చెప్పేది సగం అర్థం కాదు. కానీ త్వరగా అల్లుకుపోతాడు.

కష్టం పదిహేనేళ్ళ పిల్లది. తన ఊళ్ళో ఆ అమ్మాయి చదువు పూర్తయిన మనిషి, ఇంటి పని నడిపే మనిషి, మార్కెట్లో కౌంటర్ దగ్గర నిలబడి జీతం తెచ్చే మనిషి. పట్నంలో ఆమెను తీసుకెళ్ళి తొమ్మిదో తరగతిలో కూర్చోబెడతారు. పేరుకు పిల్లలకు మేలే, నాకైతే దాన్ని అవమానంగా తీసుకునే అమ్మాయి బాధ అర్థమవుతుంది.

టీచర్ కాబట్టి మీకు 1972 నాటి విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ తీర్పు తెలిసే ఉంటుంది. పిల్లలను హైస్కూలుకు పంపలేదని ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్లు జరిమానా వేస్తే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎనిమిదో తరగతి తర్వాత బలవంతంగా బడికి పంపడం వాళ్ళ మతస్వేచ్ఛకు అడ్డని కోర్టు తేల్చింది. ఆ తీర్పులో జస్టిస్ డగ్లస్ మాత్రం కొంత విభేదించి ఒక మాట అడిగారు: తల్లిదండ్రుల హక్కు గురించి ఇంత మాట్లాడారు సరే, పిల్లలను అడిగారా అని. ఒక్క అమ్మాయి మాత్రమే కోర్టులో సాక్ష్యం చెప్పింది, మిగతా పిల్లల మాట రికార్డులో లేదు. పెద్దలు లేని ఈ పిల్లల విషయంలో ఆ ప్రశ్న ఇంకా బలంగా తగులుతుంది. ఊరి పెద్దలకూ పిన్నికీ మధ్య వాదన జరుగుతుంటే, గదిలోనే ఉన్న పెద్దపిల్లను నీకేం కావాలమ్మా అని అడిగేవాళ్ళు కావాలి.

ప్ర: ఫోన్ అస్సలు ముట్టుకోరా?
– కడప

జ: ముట్టుకుంటారు, ఇంట్లో పెట్టుకోరు. లాంకాస్టర్ వైపు పొలం గట్టునో కొట్టం పక్కనో చిన్న గది కట్టి నాలుగు ఇళ్ళకు కలిపి ఫోను పెడతారు. నిబంధనలు ఒక్కో సంఘానికి ఒక్కోలా ఉంటాయి.

ప్ర: మా అమ్మాయి హారిస్‌బర్గ్‌లో ఉంటుంది, మేం వెళ్ళినప్పుడు లాంకాస్టర్ చూపించింది. చెప్పుల్లేకుండా, సైకిలు కూడా లేక కాలితో తోసే స్కూటర్ల మీద వెళ్తున్న పిల్లలను చూసి కడుపు తరుక్కుపోయింది. పట్నం వెళ్తే సుఖపడతారు కదా అనిపించింది.
– ఒక అమ్మమ్మ, గుంటూరు

జ: అమ్మా, మీ మనసు అర్థమైంది కానీ ఆ పిల్లలు లేక అలా లేరు. సైకిలు మరీ దూరం తీసుకెళ్ళిపోతుందని అక్కడి సంఘాలు స్కూటర్‌తో సరిపెట్టాయి. చెప్పులు వేసవిలో వాళ్ళే వదిలేస్తారు. పొద్దున్నే కోళ్ళు, పాలు, తోట, తర్వాత బడి, సాయంత్రం తమ్ముళ్ళు చెల్లెళ్ళతో ఆటలు, ఒంటరిగా కూర్చునే పిల్లాడు అరుదు.

అయితే అక్కడ అంతా స్వర్గమని కూడా అనను. ఇంటి లోపల జరిగిన అన్యాయాన్ని పోలీసుల దాకా పోనివ్వకుండా సంఘంలోనే తేల్చి, క్షమించెయ్యమని ఆడపిల్లల మీద ఒత్తిడి తెచ్చిన కేసులు కోర్టులకెక్కాయి. పట్నం పిన్ని కథల్లో అది కూడా ఉండాలని కోరుకుంటాను.

ఇంకొకటి. ఈసారి వెళ్ళినప్పుడు ఆ పిల్లలకు ఎదురుగా నిలబడి ఫోటో తీయకండి. బొమ్మ చేయకూడదన్న బైబిలు ఆజ్ఞ వల్ల, తనను తాను చూపించుకోవడం గర్వమన్న భావం వల్ల వాళ్ళు ఫోటోలకు నిలబడరు. ఇది అనాథ పిల్లల విషయంలో ఎంత బరువో ఆలోచించండి: అమ్మానాన్నలది ఒక్క ఫోటో కూడా వాళ్ళ దగ్గర ఉండకపోవచ్చు. మొహాలు గుర్తుంచుకోవాలంటే ఆ మొహాల గురించి మాట్లాడే మనుషులు చుట్టూ ఉండాలి.

ప్ర: పట్నంలో ఉండిపోతే వెలివేస్తారా?
– ఖమ్మం

జ: పిల్లలను వెలివెయ్యరు. ఆమిష్ బాప్తిస్మం పెద్దయ్యాక, 18 నుంచి 22 ఏళ్ళ మధ్య, సొంత ఇష్టంతో తీసుకునేది. అది తీసుకుని మాట తప్పినవాళ్ళకే వెలి. పిన్ని కూడా బాప్తిస్మానికి ముందే వెళ్ళిపోయి ఉంటే ఆమెతో ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచెయ్యడానికి ఎవరికీ అడ్డు లేదు. పదహారు దాటిన కుర్రకారుకు కాస్త వదులిచ్చే రుమ్‌స్ప్రింగా గురించి టీవీ వాళ్ళు చేసిన హడావిడి చాలా ఎక్కువ. ఆ వయసు దాటాక నూటికి 85 మందికి పైగా సంఘంలోనే చేరుతున్నారు.

ప్ర: మీరే ఆ పిన్ని అయితే మొదట ఏం చేస్తారు?
– వరంగల్

జ: బట్టల షాపుకు మాత్రం తీసుకెళ్ళను. జీన్స్ కొనిపెట్టి, జుట్టు కత్తిరించి, చూడు ఎంత బాగున్నావో అని అద్దం ముందు నిలబెట్టే సన్నివేశం ఇలాంటి కథల్లో తప్పకుండా వస్తుంది, నాకు చూస్తేనే బాధ. ఆ ఆడపిల్ల జుట్టు పుట్టినప్పటి నుంచి కత్తెర ఎరగదు. నడినెత్తిన పాపిడి తీసి, నీళ్ళతో తడిపి, బిగించి వెనక్కి చుట్టేది వాళ్ళమ్మ. పైన తెల్లటి ప్రార్థన టోపీ. ఎదిగిన పిల్లలైతే గౌను మీద వేసుకునే కేప్‌నూ ఏప్రన్‌నూ బొత్తాలు లేకుండా గుండుసూదులతో పెట్టుకుంటారు. మొదటి రోజు పొద్దున ఆ చిన్నదాన్ని కూర్చోబెట్టి అమ్మ వేసినట్టే జుట్టు వెయ్యడం నేర్చుకుంటాను. రాకపోతే అక్కనడిగి నేర్చుకుంటాను. అమ్మ పోయాక దువ్వెన పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియని ఆడపిల్లకు అది ఏ కౌన్సెలింగ్ కంటే ముందు కావాలి.

తర్వాత భోజనం బల్ల. ఆమిష్ ఇళ్ళలో తినే ముందు, తిన్నాక కూడా అందరూ తలలు వంచి మనసులోనే ప్రార్థన చేసుకుంటారు, నోటితో ఒక్క మాట ఉండదు. నాన్న తల ఎత్తితేనో, గొంతు సవరించుకుంటేనో అయిపోయినట్టు. పిన్ని ఇంట్లో మొదటి రాత్రి పిల్లలందరూ తలలు వంచుకుని కూర్చున్నారు, ఎవరూ తల ఎత్తట్లేదు, ఎందుకంటే ఎత్తాల్సిన మనిషి లేడు. అప్పుడు పిన్ని "ఇక తినండి, చల్లారిపోతోంది" అంటే ఆ పిల్లలు జీవితాంతం మర్చిపోరు. నేనైతే పెద్దపిల్లవాడి వైపు చూస్తాను. వాడు తల ఎత్తేదాకా ఎంతసేపైనా సరే ఆగుతాను.

ఇంకా, పని ఇవ్వాలి. పొద్దున ఐదింటికి లేచి అలవాటైన పిల్లలు ఫ్లాట్‌లో ఏం చేస్తారు? దుఃఖంలో ఉన్న పిల్లలను "మీరేం చెయ్యొద్దు, రెస్ట్ తీసుకోండి" అని సోఫాలో కూర్చోబెడితే టెన్షన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. రొట్టె చెయ్యనివ్వండి, బాల్కనీలో మట్టి తొట్లు పెట్టి ఏదో ఒకటి వెయ్యనివ్వండి, పక్కింటి ముసలావిడ సంచులు మోయనివ్వండి.

ప్ర: చివర్లో పిల్లలు తిరిగి ఊరికి వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. మీరేమంటారు?
– విశాఖపట్నం

జ: అందరినీ ఒకే బండి ఎక్కించి వెనక్కి పంపడం నాకూ నచ్చదు, అందరినీ పట్నంలోనే ఉంచెయ్యడం కూడా నచ్చదు. పదహారేళ్ళవాడికి ఊరు తెలుసు, ఏం పోగొట్టుకుంటున్నాడో తెలుసు, వాడు అడిగితే పంపాలి, అక్కడ మేనమామ ఇంట్లో వాడికి చోటుంటుంది. చిన్నవాడి విషయమే చిక్కు. రెండేళ్ళు పట్నం బడికి వెళ్తే ఇంటి భాష జారిపోతుంది, మళ్ళీ ఊరెళ్తే అక్కడా కొత్తవాడే. తోబుట్టువులను విడదీయడం అన్నిటికన్నా పెద్ద దెబ్బ కాబట్టి నేనైతే పిన్నినే కదలమంటాను. లాంకాస్టర్ చుట్టుపక్కల కార్లూ కరెంటూ ఉన్న ఇళ్ళు లేకపోలేదు, ఆమిష్ కుటుంబాల పక్కనే బయటివాళ్ళూ కాపురం ఉంటారు. పిన్ని అక్కడొక ఇల్లు అద్దెకు తీసుకుంటే పిల్లలు వారం మార్చి వారం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ఆదివారం ప్రార్థనకు వెళ్ళొస్తారు, చిన్నవాడు మేనత్త పిల్లలతో ఆడుకుంటాడు, పెద్దదానికి ఇంకా చదవాలనిపిస్తే కమ్యూనిటీ కాలేజీ అందుబాటులో ఉంటుంది. ఆమె ఉద్యోగానికి దెబ్బే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇంట్లో అందరికంటే పెద్దది ఆమే కదా.