సంపాదకురాలికి జవాబు రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ నవల మీద న్యూయార్క్ సంపాదకురాలు పేజీలకు పేజీలు అభ్యంతరాలు రాసిందనీ, వెంటనే ఘాటుగా జవాబివ్వాలని ఉందనీ రాశావు. ఒక వారం ఆగు. ఈలోగా అమెరికన్ నవలా రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్‌కూ, స్క్రిబ్నర్స్ ప్రచురణ సంస్థ సంపాదకుడు మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలు చదువు. పుస్తకాల అచ్చుపనిలో ఉన్నంతకాలం కొత్తగా రాసేవాళ్లందరికీ నేను చెప్పిన మాట ఇదే.

1924 అక్టోబరు చివర ఫిట్జెరాల్డ్ ఫ్రాన్సు నుంచి ఒక నవల రాతప్రతి పంపాడు. తర్వాత అది ‘ది గ్రేట్ గాట్స్‌బీ’గా అచ్చయింది. పెర్కిన్స్ నవంబరు 20న రాసిన ఉత్తరం నిదానంగా చూడు. మెచ్చుకోవలసినవన్నీ మనసారా మెచ్చుకున్నాడు, లోపాలూ దాచలేదు. మిగతా పాత్రలు కళ్లకు కడుతున్నా గాట్స్‌బీ మాత్రం మసకగా ఉన్నాడన్నాడు. అతనికి అంత డబ్బు ఎలా వచ్చిందో సూచనగానైనా తెలియాలన్నాడు. అతని గతాన్ని ఒకేచోట కుప్పపోయకుండా కథ నడకలో కొంచెం కొంచెంగా చెబితే బాగుంటుందన్నాడు.

ఫిట్జెరాల్డ్ జవాబు నాకు అంతకంటే ఇష్టం. గాట్స్‌బీ ఎలా ఉంటాడో, ఏం చేస్తాడో తనకే సరిగా తెలియదనీ, పెర్కిన్స్ దాన్ని పసిగట్టాడనీ రాశాడు. ఆ చలికాలం రోమ్‌లో కూర్చుని ప్రూఫుల మీదే భాగాలకు భాగాలు తిరగరాశాడు. 1925 ఏప్రిల్ 10న పుస్తకం వచ్చింది.

నీ సంపాదకురాలు ‘అర్థం కాలేదు’ అన్నచోట ఆమెకు వివరించబోకు. అక్కడ ఏం జరిగిందో ముందు నీకు తెలుసో లేదో చూసుకో. తెలిస్తే దాన్ని నవలలోనే రాయి. ఏ అధ్యాయంలో ఏం మారుస్తావో జవాబులో చెప్పు. మార్చడం ఇష్టం లేనిచోట కారణం రెండు వాక్యాల్లో చెప్పు చాలు.

డబ్బు ఊసు ఆ ఉత్తరంలో ఎత్తకు. అది నీ తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంటు చూసుకోవలసిన పని. అలాగని ఏజెంటును అప్పు అడగవద్దు. 1929లో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక ఫిట్జెరాల్డ్ కథ ఒక్కోదానికి 4,000 డాలర్లిచ్చింది. అయినా ఇంకా రాయని కథల మీద కూడా సొమ్ము పంపమని ఏజెంటు హెరాల్డ్ ఓబర్‌ను అడుగుతూనే ఉండేవాడు. ఓబర్ ఏళ్ల తరబడి సర్దాడు, ఫిట్జెరాల్డ్ కూతుర్ని సొంత బిడ్డలా తన ఇంట్లో చూసుకున్నాడు. 1939లో ఇక నావల్ల కాదన్నాడు. అంతటితో ఇద్దరికీ చెడింది. ఆ ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు ఓబర్ మీదే జాలి కలుగుతుంది.

రచయితకు వచ్చే సొమ్ములో ఓబర్ పది శాతం కమిషన్ తీసుకునేవాడు, ఇప్పుడు అమెరికాలో సాధారణంగా 15 శాతం. అడ్వాన్సు ఎన్ని వాయిదాల్లో, ఏ పని పూర్తయ్యాక వస్తుందో ఒప్పందంలో చూసుకో. మొదటి వాయిదా చూసి ఉద్యోగం మానకు.

జవాబు చిత్తుప్రతి ముందు నాకు పంపు. ఆదివారం ఫోనులో మాట్లాడుకుందాం.

ఇట్లు,
పెదనాన్న