డీజిల్ ఒలికిన మట్టిలో కరివేపాకు: సమాధానం

మీ కరివేపాకు చెట్టు ఆకు ఎందుకు పసుపెక్కుతోందని అడిగారు. వేళ్లకు గాలి, నీరు అందడం లేదు, అందుకే. మల్కాజిగిరిలో మీ అపార్ట్‌మెంట్ జనరేటర్ పక్కనే చెట్టు, నెల కిందట డీజిల్ ఒలికింది అన్నారుగా, అదే కారణం. నూనె పట్టిన మట్టిలోకి నీళ్లు సరిగా ఇంకవు. రోజూ రెండు బకెట్లు పోసినా లాభం లేదు.

చెంచాడు నీళ్లు పోసి చూడండి. ముత్యంలా నిలిచి, డీజిల్ వాసన కూడా వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

1. వాసన పోయేంత లోతు వరకు మట్టి తీసేయండి, వేళ్లు తెగకుండా. మోరీలో పడేయొద్దు.
2. సర్ఫ్ నీళ్లు వద్దు. నూనె ఇంకా కిందికి దిగుతుంది.
3. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి.
4. అందరూ మర్చిపోయేది నత్రజని. మిగిలిన నూనెను తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, చెట్టుకు మిగలదు. వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) నానబెట్టిన నీళ్లు పలచగా చేసి 15 రోజులకోసారి పోయండి. ఆ జీవులకు గాలి కూడా కావాలి, పైమట్టిని గుల్ల చేస్తూ ఉండండి.

చిగురు వచ్చిందని తొందరపడి పోపులో వేయకండి.